టెక్ సందేహాలు: చెట్టు నిండా ఒకే ఆకా?

ప్రశ్న: కంప్యూటర్‌లో బొమ్మలు వేసే క్రిటా సాఫ్ట్‌వేర్‌లో ఆకు బ్రష్‌తో మామిడిచెట్టు వేశాను. ఎంత దిద్దినా స్టిక్కర్లు అతికించినట్టే ఉంది. మంచి బ్రష్ ప్యాక్ కొనుక్కోవాలా?

కొనొద్దు. లోపం బ్రష్‌లో లేదు, వేసిన వరసలో ఉంది. ముందు పెద్ద గుండ్రటి బ్రష్‌తో, ఒకే ముదురు ఆకుపచ్చలో గుబురు ఆకారం మాత్రం వేయండి. మధ్యమధ్య ఆకాశం కనిపించే సందులు వదలండి. దానిపై ఎండ పడే గుబుర్లను ఇంకో లేయర్‌లో (పైన పరిచే పొరలో) లేత రంగుతో పెట్టండి. ఈ రెండు రంగులతోనే చెట్టు చెట్టులా కనబడాలి. కనబడకపోతే ఆకులు ఆదుకోవు. ఆకు బ్రష్ ఆఖర్న, అదీ మూడు చోట్లే: గుబురు అంచున, ఎండా నీడా కలిసే గీత మీద, చూపు నిలవాల్సిన చోట. నీడలోపల ఆకులు లెక్కపెట్టేలా వేస్తే చెట్టు చదునైపోతుంది.

బ్రష్ మీరే చేసుకోవచ్చు. 300×300 పిక్సెళ్ల తెల్ల కాన్వాస్‌పై నల్లరంగుతో ఆకులు గీయండి. మామిడాకులు రెమ్మ చివర గుత్తిగా వస్తాయి కాబట్టి ఒక్క ఆకు కాకుండా నాలుగైదింటి గుత్తి గీయడం మేలు. ఎఫ్5 నొక్కి బ్రష్ ఎడిటర్ తెరిచి, బ్రష్ టిప్‌లో స్టాంప్ ఎంచుకుని ఆల్ఫా మాస్క్ రీతిలో (నలుపు ఆకారం మాత్రమే తీసుకుని, మీరు ఎంచుకున్న రంగు పూసే రీతి) భద్రపరచండి. స్పేసింగ్ (అచ్చుకూ అచ్చుకూ మధ్య దూరం) 0.8 దాకా పెంచండి, 0.1 దగ్గర ఉంటే ఆకులు ఒకదానిపై ఒకటి పడి ముద్దవుతాయి. సైజ్, రొటేషన్ (తిరిగే కోణం) రెండింటికీ ఫజ్జీ డాబ్ సెన్సర్ పెట్టండి, అది ఒక్కో అచ్చును ఒక్కోలా మారుస్తుంది. రొటేషన్ బలం మాత్రం 20–25 శాతం చాలు. పూర్తిగా వదిలేస్తే కిందికి వాలాల్సిన మామిడాకులు ఆకాశం వైపు తిరుగుతాయి. హ్యూ (రంగు ఛాయ) మార్పు కూడా అతి స్వల్పంగానే. సందులు తెరవడానికి వేరే రబ్బరు అక్కర్లేదు: ‘ఇ’ నొక్కితే ఇదే బ్రష్ చెరిపేస్తుంది, అంచు ఆకు ఆకారంలోనే వస్తుంది.

ప్రశ్న: ఆల్ఫా గుర్తు నొక్కినా ఎండ రంగు చెట్టు దాటి బయటికి పోతోంది.

ఆ గుర్తు పేరు ఇన్‌హెరిట్ ఆల్ఫా, కింద బొమ్మ ఉన్న మేరకే రంగును ఆపుతుంది. కానీ అది కింద ఉన్న ఒక్క లేయర్‌ని కాదు, ఆ వరసలో కింద ఉన్నవన్నీ కలిపి చూస్తుంది. అడుగున ఆకాశం లేయర్ నిండుగా ఉంటే హద్దే ఉండదు. చెట్టునూ ఎండనూ ఒక గ్రూప్‌లో పెట్టండి. చెట్టు లేయర్‌పై ఉండి కంట్రోల్+షిఫ్ట్+జి నొక్కితే గ్రూపు, పైన ఆల్ఫా లేయర్ రెండూ తయారవుతాయి.

ప్రశ్న: అరటాకు ప్లాస్టిక్‌లా మెరుస్తోంది.

తెల్లటి మెరుపు పెట్టి ఉంటారు. ఆకు పైభాగం ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది, అందుకే అక్కడ నీలం కలిసిన బూడిద పచ్చ వాడాలి. వెనకనుంచి ఎండ పడే ఆకు పసుపు పచ్చగా వెలుగుతుంది. ఈ రెండూ పక్కపక్కన పడితే చాలు, ప్లాస్టిక్‌తనం పోతుంది. ఈనెలన్నీ గీయకండి. గాలికి చిరిగిన చీలికలు మాత్రం పక్క ఈనెల వెంటే, నడిమి ఈనె వైపు సాగాలి. అడ్డంగా కోస్తే కత్తెరతో కత్తిరించినట్టుంటుంది.

ప్రశ్న: వెనక కొండలూ చెట్లూ ముందుకు తోసుకొస్తున్నాయి. బ్లర్ చేయాలా?

బ్లర్ కంటే ముందు వెలుగునీడల తేడా తగ్గించండి. వెనక కొండలూ చెట్లూ ఉన్న గ్రూపు లోపలే, అన్నిటికంటే పైన ఆకాశం రంగు నింపిన లేయర్‌ని ఇన్‌హెరిట్ ఆల్ఫాతో పెట్టి, ఒపాసిటీ (రంగు చిక్కదనం) 20 నుంచి 40 శాతం మధ్య జరిపి చూడండి. అతి ముదురు రంగు ముందున్న చెట్టుకే దక్కాలి. పరీక్షకు అన్నిటికంటే పైన బూడిదరంగు లేయర్ నింపి బ్లెండింగ్ మోడ్‌ను (కింది లేయర్లతో కలిసే తీరును) ‘కలర్’ చేయండి. బొమ్మ నలుపు తెలుపుల్లోకి మారుతుంది. అప్పుడూ ముందూ వెనకా కలిసిపోతే రంగు మార్చి లాభం లేదు. బ్లర్ తప్పదనుకుంటే ఫిల్టర్ మాస్క్‌గా (బొమ్మను మార్చకుండా పైన తొడిగే పొరగా) వేయండి, తర్వాత తీసేయొచ్చు.

ప్రశ్న: 8 జీబీ ల్యాప్‌టాప్, 40 లేయర్లు. హ్యాంగ్ అవుతోంది.

ఏ4 సైజు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480×3508 పిక్సెళ్లు. 8 బిట్ రంగులో నిండు లేయర్ ఒక్కోటి దాదాపు 35 ఎంబీ, 16 బిట్‌లో దానికి రెట్టింపు. అన్‌డూ చరిత్రకూ జాగా కావాలి. పూర్తయిన కొండలు, ఆకాశం కంట్రోల్+ఇ తో కలిపేయండి. 16 బిట్‌లో ఉంటే 8కి మార్చండి. ముద్రించే పని లేకపోతే ఇంత పెద్ద కాన్వాసే అనవసరం.