మాగ్నిఫైయర్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

హనుమకొండ

తమ్ముడికి ఆశీస్సులు.

రేంజ్‌ఫైండర్ కెమెరాల మాగ్నిఫైయర్ల మీద, అంటే వ్యూఫైండర్ వెనక కన్ను ఆనించే ఐపీస్‌కు బిగించి లోపలి బొమ్మను పెద్దది చేసుకునే చిన్న అద్దాల మీద, నీవు రాసి పంపిన చిత్తుప్రతి అందింది. రెండుసార్లు చదివాను. పెన్సిలుతో పక్కన రాసిన మాటలు చాలవనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నీ వచనం బాగుంది, వస్తువు మీద మోజు కూడా కనిపిస్తోంది. కానీ మొదటి పేరాలోనే 1.4 రెట్ల అద్దం 1.25 రెట్లదాని కన్నా మెరుగని తేల్చేశావు, ఎందుకు మెరుగో మాత్రం ఆరు పేజీలు తిరగేసినా దొరకలేదు. పెద్దది గనుక మంచిదనే మాట అంగట్లో చెల్లుతుందేమో గానీ, ఆ మాట నమ్మి డబ్బు పెట్టబోయే పాఠకుడి దగ్గర చెల్లదు.

ముందుగా ఆ అద్దం చేసే పని ఏమిటో చెప్పు. రేంజ్‌ఫైండర్ కెమెరా ముఖాన ఒకదానికొకటి ఎడంగా రెండు కిటికీలు ఉంటాయి. వాటిలోంచి వచ్చిన రెండు బొమ్మలు వ్యూఫైండర్ నడుమనున్న చిన్న గడిలో ఒకదాని మీద ఒకటి పడతాయి, లెన్సు రింగు తిప్పి ఆ రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. లైకా ఎం కెమెరాలలో ఆ కిటికీల మధ్య దూరం సుమారు 69 మిల్లీమీటర్లు. అయితే వ్యూఫైండర్ లోకాన్ని 0.72 రెట్లకు కుదించి చూపించే కెమెరా అయితే, కంటికి దక్కేది ఆ 69లో 0.72 వంతు, అంటే దాదాపు 50 మిల్లీమీటర్లే. దీనినే ఎఫెక్టివ్ బేస్ అంటారు, ఇది ఎంత పెద్దదైతే ఫోకస్ అంత కచ్చితం. 1.25 రెట్ల మాగ్నిఫైయర్ బిగిస్తే అది 62కు చేరుతుంది, 1.4 రెట్లదైతే దాదాపు 70కి. 1954లో వచ్చిన లైకా ఎం3 వ్యూఫైండర్ 0.91 రెట్లది, కనుక 0.72 కెమెరాకు 1.25 అద్దం బిగించడమంటే ఫోకస్ వరకు దాన్ని ఇంచుమించు ఎం3గా మార్చుకోవడమే. ఈ ఒక్క పోలిక నీ వ్యాసంలో ఉంటే రెండు పేజీల వర్ణన తగ్గేది.

ఈ లెక్క ఎవరికి అక్కరకు వస్తుందో కూడా చెప్పాలి. 35 మిల్లీమీటర్ల లెన్సు ఎపర్చర్‌ను, అంటే వెలుతురు దూరే రంధ్రాన్ని, ఎఫ్2 వద్ద తెరిచి మీటరు దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు తొమ్మిది సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు ఎఫ్1.4 వద్ద అది సుమారు మూడు సెంటీమీటర్లు. 90 మిల్లీమీటర్ల లెన్సుకు ఎఫ్2 వద్ద సెంటీమీటరున్నర కూడా ఉండదు. మొదటివాడికి మాగ్నిఫైయర్ దండగ. పైగా బొమ్మలో ఎంత మేర పడుతుందో చూపే ఆ లెన్సు ఫ్రేమ్ గీతలు చూపు అంచులు దాటి బయటికి పోతాయి, తీస్తున్నదేమిటో అతనికే తెలియదు. మూడోవాడికి అది లేకపోతే పది బొమ్మల్లో నాలుగు పోతాయి. నీవు వీరందరినీ ఒకే వరుసలో నిలబెట్టి ఒకే సలహా ఇచ్చావు.

నీ మూడో పేజీలో “మాగ్నిఫైయర్ ఫోకస్ తప్పులను సరిచేస్తుంది” అన్న వాక్యం ఉంది. దానిని కొట్టేశాను. ఎందుకో చెప్పాలంటే నా సొంత కథ కొంత చెప్పాలి.

చాలా ఏళ్ల క్రితం పెంబర్తి ఇత్తడి పని మీద ఒక వ్యాసం ఒప్పుకున్నాను. ఇత్తడి రేకు మీద ఉలితో నగిషీ తీస్తున్న ఒక పెద్దాయన ఎదుట మీటరు దూరంలో కూర్చొని, నా ఎం6కు 90 లెన్సు తగిలించి, ఆయన కంటి మీద ఫోకస్ కుదుర్చుకుంటూ ఒక రీలు మొత్తం ఖర్చు చేశాను. ప్రింట్లు వచ్చాయి. ఆయన చెవి పోగు మీది గీతతో సహా అద్దంలా ఉంది, కళ్లు మాత్రం పొగలో ఉన్నట్టున్నాయి. ప్రతి బొమ్మా అంతే. నా చూపు మందగించిందనుకొని ఎవరో వాడి అమ్ముతున్న 1.4 మాగ్నిఫైయర్ కొన్నాను, మళ్లీ పెంబర్తి వెళ్లి ఆ పెద్దాయననే బతిమాలి మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి గడిలో రెండు బొమ్మలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి, ఎంత హాయిగా అనిపించిందో. రీలు కడిగించాక చూస్తే మళ్లీ చెవి పోగే.

తప్పు నా కంటిది కాదు, రేంజ్‌ఫైండర్‌ది. ఏ బస్సు కుదుపులోనో దెబ్బ తగిలి దాని అమరిక తప్పింది. మాగ్నిఫైయర్ ఆ తప్పును పెద్దదిగా, స్పష్టంగా, ఎంతో నమ్మకంగా నాకు చూపించింది, అంతే. రెండు కిటికీల మధ్య దూరాన్ని అది పెంచలేదు, లెన్సు వెనక కదిలే చక్రాన్ని సరిచేయలేదు, లెన్సులోనే లోపం ఉంటే దానిని తాకనైనా లేదు. అందుకే కొనబోయేవాడికి నీవు ముందుగా చెప్పవలసినది పరీక్ష సంగతి. లెన్సును అనంతం గుర్తు మీద పెట్టి కిలోమీటరుకు మించిన దూరంలో ఉన్న సెల్ టవరునో, రాత్రయితే చంద్రుడినో చూడాలి; గడిలో రెండు బొమ్మలు ఒకటి కాకపోతే మాగ్నిఫైయర్ కొనే డబ్బు రిపేరుకు పోవాలి. అవి పక్కకు కాక కిందికీ పైకీ జరిగి కనిపిస్తే అది వేరే అమరిక, దానిని కూడా నిపుణుడే సర్దాలి. దూరం సరిపోయినా దగ్గర తప్పవచ్చు కనుక, నేల మీద కొలత టేపు పరిచి, ఏటవాలుగా చూస్తూ, మీటరు దూరంలోని ఒక అంకె మీద ఫోకస్ చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక బొమ్మ తీయాలి. ఆ అంకె కాక పక్క అంకె స్పష్టంగా వస్తే ఇంకో లెన్సుతో అదే పని చేయాలి. అప్పుడు దొంగ కెమెరానా, లెన్సా అన్నది తేలిపోతుంది.

దీని తరువాత కన్ను. ఈ విషయం నీవు ఒక్క వాక్యంలో దాటేశావు, నీ వయసుకు అది సహజమే. లైకా ఎం వ్యూఫైండర్‌ను మైనస్ 0.5 డయాప్టర్‌కు (కళ్లద్దాల నంబరు కొలత ఇదే) అమర్చి పంపుతారు, అంటే లోపలి బొమ్మ కంటికి సుమారు రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు ఉంటుంది. దూరపు చూపుకు ప్లస్ 1 అద్దాలు వాడేవాడు కళ్లద్దాలు తీసి చూడాలంటే ప్లస్ 1.5 కరెక్షన్ లెన్సు బిగించుకోవాలి. ఈ 0.5 లెక్క తెలియక తప్పు నంబరు తెప్పించుకునేవారు ఉంటారు. నా సలహా ఏమిటంటే, కెమెరాను కళ్లద్దాల దుకాణానికి పట్టుకెళ్లి, పరీక్షకు వాడే అద్దాల పెట్టెలోంచి ఒక్కొక్కటే ఐపీస్ ముందు పెట్టించుకొని చూడాలి. గడి అంచులు దేనితో కత్తిరించినట్టు కనిపిస్తాయో అదే మన నంబరు. దానితోనే ఇబ్బంది తీరిపోతే మాగ్నిఫైయర్ అక్కరలేదు, ఖర్చు కూడా తక్కువే. అయితే కంటికి సిలిండర్ నంబరు ఉన్నవారికి ఈ గుండ్రటి అద్దం చాలదు, వారు కళ్లద్దాలతోనే చూడాలి. అలాంటివారికి మాగ్నిఫైయర్‌తో ఇంకో చిక్కు, అది ఐపీస్ వెనక్కి పొడుచుకొచ్చి కంటిని దూరం నెడుతుంది గనుక ఫ్రేమ్ అంచులు తప్పిపోతాయి. డయాప్టర్ సర్దుకునే రింగు ఉన్న మాగ్నిఫైయర్లు కూడా దొరుకుతాయి, కళ్లద్దాలు తీసి చూడగలిగినవారికి అవే నయం.

ఇక ఎంపిక. 0.72 కెమెరాతో 50 లెన్సు ఎక్కువగా వాడేవారికి 1.25 చాలు; 75, 90 లెన్సులే వాడేవారికి 1.4 తగినది, అప్పుడు లోకం ఇంచుమించు ఉన్న పరిమాణంలోనే కనిపిస్తుంది కనుక రెండు కళ్లూ తెరిచి తీయవచ్చు. 0.58 కెమెరాకు 1.4 పెడితే 0.81 అవుతుంది, 50 లెన్సుకు బాగా కుదురుతుంది. ఎం3 ఉన్నవారు దేనికీ ఆశపడనక్కరలేదు. ఫోక్ట్‌లాండర్ వారి బెస్సా రేంజ్‌ఫైండర్ కెమెరాల సంగతి వేరు: వాటి కిటికీల మధ్య దూరం 37 మిల్లీమీటర్లే, ఐపీస్ మరలు కూడా లైకాకు కుదరవు, వాటిలో ఆర్3ఏ మోడల్ అయితే వ్యూఫైండర్ ముందే ఒకటికి ఒకటి, అంటే లోకాన్ని ఉన్న పరిమాణంలోనే చూపిస్తుంది. వేటి మరలు వేటికి పడతాయో చూసుకోకుండా కొనవద్దని పాఠకుడికి గట్టిగా చెప్పు. లెన్సును మరలా తిప్పి బిగించే పాత స్క్రూ మౌంట్ లైకాలు, 1933లో వచ్చిన మోడల్ 3 మొదలుకొని, ఫోకస్ కిటికీని వేరుగా పెట్టి దానికి 1.5 రెట్ల పెద్ద చూపు ఇచ్చాయి. మనం ఇవాళ మర బిగించి తెచ్చుకుంటున్నది అప్పటివాళ్లు కెమెరాలోనే కట్టి ఇచ్చారన్న సంగతి నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది.

వాడకం గురించి నీవు రాసినది మరీ పొడిగా ఉంది. రేంజ్‌ఫైండర్‌కు నిలువు గీత కావాలి, అది దొరకని చోట ఎంత పెద్ద అద్దమైనా చేతులెత్తేస్తుంది. కొత్తవాడలో ఆరవేసిన జంపఖానాల నిలువు చారల మీద ఫోకస్ చేసి చూడు: ఒక చార పక్క చారతో కలిసిపోయి, అంతా కుదిరినట్టే కనిపిస్తుంది, నిజానికి ఫోకస్ ఎక్కడో ఉంటుంది. మాగ్నిఫైయర్ ఉంటే ఏ చార ఏదో గుర్తుపట్టడం కొంత తేలిక. అయినా నేను చారలు వదిలేసి జంపఖానా అంచునో, దాన్ని పట్టుకున్న వేలినో పట్టుకుంటాను. వేయి స్తంభాల గుడిలో చిక్కు మరోలా ఉంటుంది. ఆ నల్లరాతి స్తంభాల నునుపులో ఎదుటి మనిషి నీడ అద్దంలో మాదిరి కనిపిస్తుంది, గడిలో ఆ నీడను కలిపితే ఫోకస్ స్తంభం మీద ఉండదు. చెక్కిన అంచు మీద కలపాలి. వెలుతురు తక్కువైన మగ్గపు గదిలోనూ సాయంత్రపు గర్భగుడి ముందూ 1.4 అద్దం చూపును పెద్దది చేస్తూనే గడిని మసకబారుస్తుంది; అలాంటి చోట నేను 1.25కు దిగుతాను, ఒక్కోసారి తీసేస్తాను కూడా. రింగు తిప్పుతూ బొమ్మలు కలిసిన చోటు దాటిపోయి వెనక్కి రావడం, చివరి వేలెడంత సర్దుబాటు రింగుతో కాక నడుము కదిలించి చేయడం చేతికి అలవాటు కావాలి.

మర బిగించేటప్పుడు ముందు ఎడమకు తిప్పి, చిన్నగా పడ్డట్టు అనిపించాక కుడికి తిప్పాలి, లేకపోతే సన్నని మరలు అరిగిపోతాయి. గొలుసు ఇస్తారు, దానిని తగిలించుకోమను. నాది మేడారం జాతర జనంలో ఊడిపోయింది, దొరకలేదు. ఎనుమాముల మిరపకాయల యార్డులో తీసేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక: ఆ పొడి పట్టిన వేలితో ఐపీస్ తుడిచి కన్ను ఆనించకూడదు. నేను ఆనించాను. ఆ రోజు ఇంకేమీ తీయలేదు.

నీ రెండో ప్రతిలో పరీక్ష ముందుకు రావాలి, కంటి సంగతి దాని పక్కన, రెట్ల లెక్క ఆ తరువాత. పోలికలకు అంకెలు వాడితే ఆ అంకె ఎలా వచ్చిందో పక్కనే చూపించు. ఈ ఆదివారం ఉదయం నీ కెమెరా, 50, 90 లెన్సులు రెండూ, ఒక కొలత టేపు తీసుకొని భద్రకాళి చెరువు కట్ట మీదికి రా. నా 1.25 తెస్తాను. ముందు అది లేకుండా దూరపు టవరు చూద్దాం. అప్పటి వరకు ఏదీ కొనకు.

నీ శ్రేయోభిలాషి