మోటారు మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా వాకాడు మండలం తూపిలిపాలెం. ఫైబర్ బోటుకు 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ పెట్రోలు మోటారు ఉంది, ఎనిమిదేళ్లయింది. ఏడాదికి 200 సార్లు వేటకు వెళ్తాం. వెళ్లిన ప్రతిసారీ 12 లీటర్లు తాగుతోంది. చీటీ ఆఖరున ఎత్తిన 1.60 లక్షలు చేతిలో ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 14 వేలు. చెన్నై డీలరు ఫోర్ స్ట్రోక్, ఇఎఫ్‌ఐ (ఎలక్ట్రానిక్‌గా కొలిచి పెట్రోలు చిమ్మే పద్ధతి), సెల్ఫ్ స్టార్ట్, పవర్ టిల్ట్ (బటన్ నొక్కితే మోటారు పైకి లేచే సదుపాయం) ఉన్న కొత్త మోటారు 3.10 లక్షలకు ఇస్తానంటున్నాడు. తక్కువపడే లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. వేట నిషేధం రెండు నెలల్లో వస్తోంది. ఈలోపే కొనేయమంటారా?

జవాబు: వద్దు. కొత్త మోటారు దండగని కాదు. ఈ వడ్డీకి, ఈ నెలలో కొనడం దండగ.

ముందు మీ లెక్కే చూద్దాం. లీటరు 110 రూపాయల చొప్పున 12 లీటర్లకు 1,320. టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో యాభైకి ఒకటి పాళ్లలో కలిపే ఆయిల్ 240 మిల్లీలీటర్లు, లీటరు 350 అనుకుంటే 84. ఒక వేటకు సుమారు 1,400, ఏడాదికి 2.80 లక్షలు. ఫోర్ స్ట్రోక్ వల్ల పెట్రోలు నాలుగో వంతు తగ్గుతుందనుకోండి. పెట్రోలు మీద 330, కలిపే ఆయిల్ మీద 84 మిగిలి, ఏడాదికి 82,800 అవుతుంది. కానీ ఫోర్ స్ట్రోక్‌కు వంద గంటలకోసారి ఇంజిన్ ఆయిల్ మార్చాలి. వేటకు మూడు గంటలు నడిచినా ఏడాదికి 600 గంటలు, అంటే ఆరుసార్లు. అది 5,400 పోతే చేతికి మిగిలేది 77 వేలు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి ఏడాదికి 24. లక్షన్నరకు 36 వేలు. ఆదాలో దాదాపు సగం వడ్డీకే పోతుంది. పైగా చీటీ డబ్బంతా మోటారులో పెట్టేస్తే నిషేధం రెండు నెలలూ ఇల్లు ఎలా గడుస్తుంది?

నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఇప్పుడు కొంటే వారంటీ కొన్న రోజు నుంచే కరిగిపోతుంది, మోటారు మాత్రం ఒడ్డున కూర్చుంటుంది. సంపాదన కోసం వాడే మోటార్లకు వారంటీ అసలే తక్కువ కాలం. ఎన్ని నెలలో బిల్లు మీదే రాయించుకోండి.

ఈ రెండు నెలల్లో పాత మోటారుకు చేయించాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదట రెండు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష (లోపలి ఒత్తిడి కొలిచేది) చేయించండి. రెండింటి మధ్య తేడా పది శాతం దాటితే ఈ మోటారు మీద ఇక పెద్ద ఖర్చు పెట్టకండి. దగ్గరదగ్గరగా ఉంటే 20 వేల లోపు పని చేయించవచ్చు.

అందులో మొదటిది ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటరు, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పిఎం) తిరుగుతోందో చూపే మీటరు. వెయ్యి రూపాయల్లో వస్తుంది, గంటలూ లెక్కపెడుతుంది. వల, మనుషులు, ఐసుతో మామూలు బరువున్నప్పుడు పూర్తి థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పిఎం చూడండి. మాన్యువల్లో రాసిన పరిధి కంటే తక్కువ చూపిస్తే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు ముందుకు నెట్టే దూరం) ఎక్కువైనట్టు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 ఆర్‌పిఎం పెరుగుతుంది. రెక్కల అంచులు వంగి ఉంటే పిచ్ సరిపోయినా పెట్రోలు వృథా. స్టీలు ప్రొపెల్లర్ కొనమంటే వద్దనండి. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేటకు తగిలితే అల్యూమినియం తాను వంగి గేర్లను కాపాడుతుంది, స్టీలు ఆ దెబ్బను లోపలికి పంపుతుంది.

పైసా ఖర్చు లేని మార్పు కూడా ఉంది. మీలాంటి బరువు బోటులో ఆర్‌పిఎం పదో వంతు తగ్గిస్తే గంటకు కాలే పెట్రోలు నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ప్రయాణం కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి దూరం లెక్కన మిగిలేది ఐదో వంతు. చేపల బేరం కోసం పరుగెత్తాల్సిన పూట సరే, వెళ్లేటప్పుడు ఎందుకంత తొందర?

రెండోది, నీటిని వేరుచేసే పెట్రోలు ఫిల్టర్. 10 మైక్రాన్లది, అడుగున పారదర్శకమైన గిన్నె ఉన్నది తీసుకోండి. ఇది తప్పనిసరి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది సముద్రపు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. మీరు కలిపిన ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకు గొట్టం పీల్చేది అడుగు నుంచి. అంటే ఇంజిన్‌లోకి ఆయిల్ లేని ద్రవం వెళ్తుంది, పిస్టన్ పట్టేస్తుంది. టూ స్ట్రోక్‌లు ఉన్నట్టుండి జామ్ కావడానికి ఇదీ ఒక కారణమే, నింద మాత్రం మెకానిక్ మీద పడుతుంది. గిన్నెలో నీళ్లు కనబడగానే వంచేయండి. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి ఉంటే ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. నిషేధానికి ముందు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) పూర్తిగా ఖాళీ చేయకపోతే జూన్‌లో దాని జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు, జిగురు పట్టి ఉంటాయి.

వీటితోపాటు నీళ్ల పంపు ఇంపెల్లర్ (లోపల తిరిగే రబ్బరు రెక్కల చక్రం), గేర్ ఆయిల్, మోటారు తుప్పు పట్టకుండా తాము అరిగిపోయే జింక్ ముక్కలు సగం అరిగి ఉంటే అవీ మార్పించండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే సీలు పోయినట్టే. జింకుకు రంగు వేస్తే పని చేయదు. మనిషి నీళ్లలో పడితే ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ తాడు కొన్ని వందలే, ఇది మాత్రం ఆలోచించకుండా కొనండి. పెట్రోలు ఆదా చేస్తామనే అయస్కాంతాలు, మాత్రలు కొనకండి.

ఇక డబ్బు సంగతి. 60 వేలు నిషేధ కాలానికి, ఆపదకు బ్యాంకులో ఉంచండి. ప్రభుత్వం నిషేధ కాలానికి ఇచ్చే 20 వేల భృతి వస్తే మంచిదే, అది చేతిలో పడేదాకా లెక్కలోకి తీసుకోవద్దు. రిపేరుకు 20 వేలు పోగా మిగిలే 80 వేలు కదపకండి. మత్స్యకారులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. నిర్ణీత పరిమితి వరకు, సకాలంలో కడితే వడ్డీ 4 శాతమే. అది మోటారు కొనడానికి కాదు, రోజువారీ ఖర్చులకు. పెట్రోలు, ఐసు, వల బాగుచేతలకు అది వాడితే మీ సొంత డబ్బు మోటారుకు మిగులుతుంది. రాయితీ పథకం ఉందేమో గ్రామ మత్స్య సహాయకుణ్ని అడగండి. మంజూరు పత్రం రాకముందే కొని బిల్లు పట్టుకెళ్తే సాధారణంగా చెల్లదు.

జూన్‌లో ఇంకా కొనాలనిపిస్తే, సెల్ఫ్ స్టార్ట్, పవర్ టిల్ట్ లేని మోడల్ ధర అడగండి. ఈ సైజు మోటారు తాడు లాగితే స్టార్టవుతుంది, చేత్తో ఎత్తితే పైకి లేస్తుంది. బ్యాటరీ, వైర్లు ఉప్పు గాలికి మొదట చెడేవి. బ్యాటరీ అక్కర్లేని ఇఎఫ్‌ఐ మోడళ్లూ ఉన్నాయి. ఇఎఫ్‌ఐకి మాత్రం డబ్బు పెట్టవచ్చు. కార్బురేటర్ ఉండదు కాబట్టి ఆ జిగురు బాధ చాలావరకు తగ్గుతుంది, వల దగ్గర నెమ్మదిగా నడిపేటప్పుడు పెట్రోలు మిగులుతుంది. అయితే దాని సెన్సర్లు చూడగల మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకున్నాకే. ఫోర్ స్ట్రోక్ బరువెక్కువ. ఇంటికి మోసుకెళ్లి పడుకోబెట్టేటప్పుడు మాన్యువల్ చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేకపోతే ఆయిల్ సిలిండర్లోకి చేరుతుంది. కొన్న వారంలోనే కొత్త ఇంజిన్ నంబరును బోటు రిజిస్ట్రేషన్‌లో, బీమా పాలసీలో ఎక్కించండి.