బఫ్ మిషన్ మీద పాడైన పాత జపాన్ కత్తిని మళ్ళీ బాగుచేయించవచ్చా?

మీరు రాసింది ఇదీ: మీ ఆవిడ వాళ్ళ తాతగారి వకిజాషి (పొట్టి రకం జపాన్ కత్తి) ఇంట్లో దొరికింది. అక్కడక్కడా తుప్పు మచ్చలు ఉన్నాయని, వంటకత్తులకు సానపట్టే ఒకాయనకు ఇచ్చారు. ఆయన బఫ్ మిషన్ (వేగంగా తిరిగే గుడ్డచక్రం) మీద పెట్టి అద్దంలా చేసి ఇచ్చాడు. వాదర పొడుగునా ఉండే తెల్లటి అలలాంటి గీత కనబడటం లేదు, మొన దగ్గర అడ్డంగా ఉండే గీత అరిగిపోయింది. 2000 నంబర్ ఉప్పుకాగితం, మెటల్ పాలిష్ కొని ఇంట్లోనే సరిచేసుకోవచ్చా అని అడిగారు.

వద్దండి. ఒక్క గీత కూడా గీయకండి. నేనూ ఇదే దారిలో వెళ్ళి వచ్చినవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను జపాన్‌లో, నగోయాలో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తుల ముందు నిలబడిపోయిన పిల్లవాణ్ణి, అందుకని ఇక్కడికి వచ్చాక ఒక పాత కత్తి కొనుక్కోవాలని చాలా ఏళ్ళు అనుకున్నాను. చివరికి ఒక వకిజాషి కొన్నాను. పొడవు 48 సెంటీమీటర్ల పైన, చేసినవాడి సంతకం లేదు, మినో ప్రాంతపు పని. మినో అంటే ఇప్పటి గిఫు, కత్తులకు పేరున్న సెకి ఊరు ఉన్నది అక్కడే. కొన్నప్పుడు కత్తి మీద పాత పాలిష్ మసకబారి ఉంది. తక్కువ డబ్బుకి చేస్తానన్న ఒకాయనకు ఇచ్చాను. మూడు వారాల్లో తిరిగి వచ్చింది. పెట్టె తెరవగానే మా ఆవిడ ‘ఎంత బాగా మెరుస్తోందో’ అంది. నాకు కడుపులో దేవినట్టయింది. మీ కత్తికి జరిగినట్టే ఒళ్ళంతా ఒకే మెరుపు. పైగా మాయమైన అలను మళ్ళీ కనబడేలా చేద్దామని ఆయన యాసిడ్ కూడా పూశాడు. బూడిదరంగు పట్టీ ఒకటి, ఎవరో బ్రష్‌తో గీసినట్టు ఉంది.

ముందుగా మీకు ధైర్యం చెప్పే మాట. ఆ అలను జపాన్‌లో హామోన్ అంటారు. అది కత్తి పైన వేసిన బొమ్మ కాదు, లోపలి ఉక్కులోనే ఉన్న తేడా. కత్తి చేసేవాడు ఒళ్ళంతా మట్టి పూస్తాడు, వాదర దగ్గర పలచగా, వెన్ను వైపు మందంగా. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినప్పుడు పలచగా మట్టి ఉన్నచోట ఉక్కు క్షణాల్లో చల్లబడి గాజులా గట్టిపడుతుంది. మందంగా ఉన్నచోట నిదానంగా చల్లబడి మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. ఆ రెండింటి సరిహద్దే హామోన్. మిషన్ దాన్ని తుడిచేయలేదు, మెరుపు కింద కప్పేసిందంతే. సరైన రాళ్ళ మీద అరగదీస్తే మళ్ళీ బయటికి వస్తుంది.

యాసిడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మీకు ఎవరో ఒకరు ఆ సలహా ఇవ్వకమానరు. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఉండేది కదా, అలాంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి చారలను బయటికి తేవడానికి గాఢత తక్కువ ఆమ్లం వాడటం ఆ కత్తుల పద్ధతే. జపాన్ కత్తికి అది పద్ధతి కాదు. యాసిడ్ పూస్తే హామోన్ ఎక్కడుందో జాడ తెలుస్తుంది, కానీ దాని లోపల మంచు బిందువుల్లా మెరిసే సన్నని రేణువులు (వాటిని నియే అంటారు) కనబడవు, ఉక్కు మడతల నుంచి వచ్చే చెక్కగీతల్లాంటి హదా చచ్చిపోతుంది.

ఇక భయపడాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి వేడి. బఫ్ చక్రం మీద పలచటి వాదర చాలా తొందరగా వేడెక్కుతుంది. గట్టి ఉక్కు రెండు వందల డిగ్రీలు దాటేసరికి మెత్తబడటం మొదలెడుతుంది, మూడు వందల దగ్గర నీలం రంగు తేలుతుంది. వాదర మీద గానీ, మొన మీద గానీ గోధుమరంగో నీలమో కనబడుతుందేమో పగటి వెలుగులో చూడండి. మళ్ళీ బఫ్ చేసేటప్పుడు ఆ రంగు పోయి ఉండవచ్చు కాబట్టి, కనబడకపోయినా నిశ్చింత అని చెప్పలేను. వాదర మెత్తబడితే పాలిష్‌తో ఆ గట్టిదనం తిరిగి రాదు. మళ్ళీ కాల్చి ముంచితే దాన్ని సైబా అంటారు, పాతకత్తిగా దాని విలువ చాలావరకు పోతుంది.

రెండోది ఆకారం. జపాన్ కత్తి అందం సగం దాని అంచుల్లో ఉంటుంది. పక్కన పొడుగునా నడిచే గట్టు షినోగి, మొనను ఒంటి నుంచి వేరు చేసే అడ్డగీత యోకొతె. గుడ్డచక్రం మెత్తగా ఉంటుంది కనుక అంచుల మీద కూడా ఒదిగిపోయి వాటిని గుండ్రంగా చేస్తుంది. మీ చేతిలోని ఉప్పుకాగితం కూడా అదే పని చేస్తుంది. కింద వేలు మెత్తగా ఉంటుంది కదా. రాయి అలా ఒదగదు, తగిలినచోటే కోస్తుంది. ఒక చిన్న పరీక్ష చేయండి: ట్యూబ్‌లైట్ కింద నిలబడి కత్తి పక్కభాగంలో ఆ లైటు నీడ చూడండి. మంచి పాలిష్‌లో ఆ నీడ పిడి నుంచి మొన దాకా తీగలా సాగుతుంది. నా కత్తిలో అది మూడుచోట్ల పాములా వంకర తిరిగింది. ఆ వంకరలన్నీ గుంటలు. గుంట పోవాలంటే చుట్టుపక్కల ఉక్కునంతా ఆ గుంట లోతు దాకా దించాలి.

ఖర్చు పెట్టేది డబ్బు మాత్రమే కాదండి, ఉక్కు కూడా. పాత కత్తుల్లో చాలావాటికి పైన గట్టి ఉక్కు పొర, లోపల మెత్తటి ఇనుము గుండె ఉంటాయి. ఎన్నో తరాల్లో ఎన్నోసార్లు సానపట్టిన కత్తికి పైపొర ఇప్పటికే పలచబడి ఉంటుంది. ఇంకా తీస్తే లోపలి ఇనుము మచ్చలుగా బయటపడుతుంది. అలాంటి కత్తిని ఇక్కడివాళ్ళు ‘అలసిపోయింది’ అంటారు. ఇంట్లో మీరు తప్పుగా గీసే ప్రతి గీతకూ తర్వాత ఆ పొరలోంచి చెల్లించాలి.

నా కత్తిని చివరికి ఒక తొగిషి దగ్గరికి తీసుకెళ్ళాను. కత్తులకు సానపట్టడమే వృత్తిగా ఉన్నవాళ్ళను తొగిషి అంటారు. వంటకత్తుల సాన వేరు, ఇది వేరు. గురువు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుంటే గానీ సొంతంగా పని మొదలుపెట్టరు. ఆయన గది చిన్నది, వాలుగా ఉన్న చెక్కనేల, రాయిని కదలకుండా కాలితో అదిమి పట్టే ఒక వంకర కర్ర, పక్కన చెక్కతొట్టిలో నీళ్ళు. తుప్పు పట్టకుండా ఆ నీళ్ళలో కొంచెం సోడా కలుపుతారట. కత్తిని చూసి ఆయన తిట్టలేదు. ముందు పిడి తీసి, వాదర మొదలయ్యే చోట ఉండే మెట్టును గోటితో తడిమాడు. ప్రతి పాలిష్‌కూ ఒళ్ళు అరుగుతుంది, పిడిలో దాగిన భాగం అరగదు. అందుకే ఆ మెట్టు ఎంత మిగిలిందో చూస్తే కత్తి ఎన్ని తిప్పలు పడిందో తెలుస్తుందన్నాడు. తర్వాత ఒకే బల్బు కింద కత్తిని కంటికి దగ్గరగా పెట్టి చాలాసేపు అటూ ఇటూ వంచుతూ చూశాడు. ‘నికు ఇంకా ఉంది’ అన్నాడు. నికు అంటే కండ. నాకు అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

వెంటనే పని మొదలుపెట్టలేదు కూడా. ముందు ఒక కిటికీ తెరుద్దామన్నాడు. అంటే కత్తి మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పు మేర మాత్రమే చివరి రాయి దాకా సానపట్టి, లోపల ఏముందో చూడటం. వారం తర్వాత వెళ్తే ఆ చిన్న చోట పొగమంచులాంటి తెల్లటి గట్టు, అందులో కోసుగా లేచిన శిఖరాలు కనబడ్డాయి. మినో కత్తుల గుర్తు అదే. దాని పక్కనే ఒక మూల ఇంకా ఆ యాసిడ్ బూడిదరంగు ఉంది. రెండూ ఆనుకుని ఉన్న ఆ గీత ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మీరు కూడా ముందు కిటికీ తెరవమని అడగండి. తక్కువ ఖర్చుతో, కత్తి మీద ఇంకా డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేలిపోతుంది.

అసలు పనిలో ఎన్నో రాళ్ళు మారతాయి. నా కత్తికి ఆకారం దిద్దాలి కాబట్టి గరుకు రాయి నుంచి మొదలుపెట్టారు, తర్వాత బిన్‌సుయి, కైసెయి, రెండు రకాల నగురా, ఆఖరున క్యోటో ప్రాంతపు ఉచిగుమొరి. కొత్త రాయి పట్టినప్పుడల్లా గీత దిశ మారుస్తారు, పాత రాయి గీతలన్నీ పోయాయా లేదా అన్నది అలా కనబడుతుంది. అక్కడి నుంచి ఇంకా సున్నితం. ఉచిగుమొరి రాతినే కాగితమంత పలచగా అరగదీసి, వెనక చేతికాగితం లక్కతో అతికించి, గోరంత ముక్కలు చేసి, బొటనవేలి కింద పెట్టి రుద్దుతారు. ఆయన బొటనవేలు ఎడమవైపు కొంచెం వంగిపోయి ఉంది. షినోగి పైభాగాన్ని, వెన్నును మాత్రం ఉక్కు కడ్డీతో నొక్కి నొక్కి అద్దంలా చేస్తారు. అద్దంలా మెరవాల్సింది అక్కడే, మీ కత్తిలోలా ఒళ్ళంతా కాదు.

ఖర్చు సన్ లెక్కన చెబుతారు. ఒక సన్ 3.03 సెంటీమీటర్లు. నా కత్తి 16 సన్, ఒక్కోదానికి 12 వేల యెన్‌లు, ఆకారం దిద్దినందుకు పైన మరికొంత. కత్తి కొన్న ధర కన్నా ఎక్కువే అయింది. వరసలో నిలబడి ఎనిమిది నెలలు ఆగాను. అమ్ముకుంటే ఈ డబ్బు రాదు, అది ముందే తెలుసుకుని దిగండి. మీది తాతగారి వస్తువు కాబట్టి మీ లెక్క వేరే ఉండవచ్చు. మీ ఆవిడతో, అత్తగారితో కూర్చుని మాట్లాడుకోండి.

తీసుకెళ్ళే ముందు కాగితం చూసుకోండి. ఇక్కడ లైసెన్స్ మనిషికి కాదు, రిజిస్ట్రేషన్ కత్తికి ఉంటుంది. ప్రిఫెక్చర్ (మన రాష్ట్రంలాంటిది) విద్యా మండలి ఇచ్చిన తొరొకుషో అనే చిన్న కాగితం, అందులో పొడవు, వంపు, పిడి రంధ్రాల సంఖ్య, సంతకం వివరాలు రాసి ఉంటాయి. కత్తి ఎక్కడికి వెళ్ళినా అది వెంట ఉండాలి. వారసత్వంగా వచ్చింది కాబట్టి 20 రోజుల్లో యజమాని పేరు మార్పు తెలియజేయాలి. కాగితమే దొరకకపోతే కత్తి పట్టుకుని నేరుగా ఎవరి దగ్గరికీ వెళ్ళకండి. ముందు మీ పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, ఇంట్లో దొరికిందని చెప్పండి, వాళ్ళు దారి చెబుతారు. టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు, ఇలాంటివి వాళ్ళకు తరచూ వస్తుంటాయి. ఒక్క మాట: అది యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో చేసిన సైనిక కత్తి అయితే రిజిస్టర్ చేయరు. తాతగారు సైన్యంలో ఉన్నారా అన్నది అత్తగారిని అడగండి.

పిడిలో ఉండే భాగాన్ని (నకగొ) ఆ బఫ్ ఆయన ముట్టుకున్నాడా లేదా అన్నది మీరు రాయలేదు. అక్కడి నల్లటి తుప్పే కత్తికి పుట్టినరోజు కాగితం, వయసు అంచనా వేసేది దాన్ని చూసే. దాన్ని రుద్దకండి, నూనె కూడా పూయకండి. మిగతా ఒళ్ళంతా మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, కత్తుల నూనె పొర ఒకటి పలచగా రాసి ఉంచండి చాలు. వేళ్ళు తగలనివ్వకండి.

పాత ఒరలో మాత్రం మళ్ళీ పెట్టకండి. బఫ్ మసాలా, ఇనుప రజను లోపలికి చేరి ఉంటాయి, బాగుచేయించిన కత్తికి మొదటి గీత అక్కడే పడుతుంది. నాకు తొగిషి చెప్పాక తెలిసింది: తెల్ల చెక్క ఒరను రెండు బద్దలుగా చేసి అన్నం మెతుకుల జిగురుతోనే అతికిస్తారట, ఎప్పుడైనా విడదీసి లోపల శుభ్రం చేసుకోవడానికి వీలుగా. మన ఇళ్ళలో గాలిపటాలు అతికించుకున్న జిగురే. నా ఒరను ఆయన అలాగే విప్పి, నల్లటి రజను గీకేసి, మళ్ళీ అన్నంతోనే మూసి ఇచ్చాడు. మీది లక్కపూత ఒర అయితే విప్పడం కుదరకపోవచ్చు, అప్పుడు కొత్త తెల్ల ఒర చేయించాల్సి వస్తుంది.

పిడి మేకు వెదురుది, తేలిగ్గా వస్తుంది. అది తీసి, నకగొ రెండు వైపులా, వాదర మొదలయ్యే మెట్టు, మొన, ఈ నాలుగూ పగటి వెలుగులో ఫోటోలు తీసి పెట్టండి. నేను చూసి, ఏది నా తొగిషిని అడగాలో అడిగి చెబుతాను.