తడిగాలిలో పెట్టి చూడు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

జింక్ ఆక్సైడ్‌లో గ్రాఫీన్ అనే పలచని కార్బన్ పొరలు కలిపి, యూవీ (అతినీలలోహిత) లైట్ వేసి, పొగలో ఉండే విషవాయువు నైట్రోజన్ డయాక్సైడ్‌ని పట్టే సెన్సర్ చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పి మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ 365 నానోమీటర్ల యూవీ ఎల్ఈడీని, యూవీని ఆపే కళ్లద్దాలు లేకుండా చూడకు. గ్యాస్‌ని ఫ్యూమ్ హుడ్‌లోనే, అంటే గాలిని బయటికి లాగేసే అరలోనే తెరువు. ఇవి నీకు తెలిసినవే.

మా రోజుల్లో ఇలాంటి సెన్సర్‌కి టిన్ ఆక్సైడ్ పూత వేసి, దాన్ని 200 డిగ్రీలకి పైగా వేడి చేసేవాళ్లం. నేను ఏసీ గదిలో, సిలిండర్ పొడిగాలితో కాలిబ్రేషన్ చేశాను, అంటే తెలిసిన మోతాదులతో రీడింగ్ సరిచూసుకున్నాను. గ్రాఫ్ స్కేలుతో గీసినట్టు వచ్చింది. ఆగస్టులో దాన్ని గాజువాకలో ఒక డాబా మీద పెట్టాను. ఆ ఇంటి పిల్లాడికి ఉబ్బసం. సాయంత్రం సముద్రపు గాలికి పిట్టగోడ చెమర్చి ఉంది. "మాస్టారూ, గాలి బాగుందా? వీణ్ణి ఆడుకోనివ్వనా?" అని వాళ్లమ్మ అడిగింది. రీడింగ్ చూసి "బాగుందమ్మా" అన్నాను. ఆ రాత్రే వాణ్ణి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. కోలుకున్నాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గాలిలో ఏముందో నాకిప్పటికీ తెలీదు. నైట్రోజన్ డయాక్సైడ్ పూతలోని ఎలక్ట్రాన్లను లాక్కుని రెసిస్టెన్స్‌ని, అంటే కరెంటుకి అడ్డుని, పెంచుతుంది; తేమేమో దాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిసొస్తే మీటరు సూది కదలకపోవచ్చు. కదలని సూదిని చూసి నేను పసివాడి ఊపిరికి హామీ ఇచ్చాను.

నీ దారి మంచిది. లైట్ పడితే పూతకి అంటుకున్న ఆక్సిజన్ ఊడుతుంది, వేడి అక్కర్లేదు. కానీ వేడి లేని పూతని తేమ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, లైటే అంతా తుడిచేస్తుందని నమ్మకు. తెలిసిన తేమ దగ్గర కొలవడానికి సంతృప్త లవణ ద్రావణాలు, అంటే ఇక కరగనంత లవణం కలిపిన నీళ్లు, పెట్టుకో: 25 డిగ్రీల దగ్గర మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమ ఇస్తుంది, ఉప్పు 75, పొటాషియం సల్ఫేట్ 97. వానాకాలంలో మన కల్లుప్పు జాడీ నీరు కారేది గాలిలో తేమ ఎక్కువైనప్పుడే. మూడింటి దగ్గరా కొలవకుండా ఎవరికీ అంకె చెప్పకు. ఇంకోటి, గ్యాస్‌ని నీళ్లలోంచి పంపకు, కొంత అందులోనే కరిగిపోతుంది. గాలిని తడిపి, ఆ తర్వాత గ్యాస్ కలుపు.

తొందరపాటు నీకు నా దగ్గర్నుంచే వచ్చింది తల్లీ, అదే నా భయం. రాత్రిళ్లు ఒక్కదానివే సిలిండర్ ముట్టుకోకు. వేళకి తిను. దసరాకి సెన్సర్ తీసుకురా, మన డాబా మీద పెడదాం. తప్పు రీడింగ్ వస్తే ముందు నాకే చూపించు.