'రీగల్' అంటే రాజుగారి చుట్టమా?

సందేహం: పెళ్లి చీరల ప్రకటన ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో 'రీగల్ లుక్' అని ఉంది. నిఘంటువు చూసి 'రాజసంబంధమైన రూపం' అని రాస్తే ఇంట్లో అందరూ నవ్వారు. రీగల్, రాయల్ ఒకటే కాదా? 'రాజసం' అనొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: నవ్వినవాళ్లదే న్యాయం. 'రాయల్' చుట్టరికాన్ని, హోదాని చెబుతుంది. రాయల్ ఫ్యామిలీలో పుడితే చాలు, పొద్దెక్కేదాకా నిద్రమొహంతో తిరిగే కుర్రాడు కూడా రాయలే. 'రీగల్' అనిపించుకోవాలంటే ఆ తీరు మనిషిలో కనబడాలి. గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, తల కాస్త ఎత్తి, తొందర లేకుండా పందిట్లోకి నడిచొచ్చే పెద్దావిడ రీగల్. ఆవిడకి ఏ రాజూ చుట్టం కానక్కర్లేదు. పలకడం 'లీగల్' లాగే; 'రెగల్' కాదు.

రెండూ పుట్టింది లాటిన్ 'రేగాలిస్' నుంచే. రీగల్ ఆ రూపాన్ని దాదాపు అలాగే ఉంచుకుంది. ఫ్రెంచివాళ్ల నోట్లో 'గ' అరిగిపోయి రాయల్ అయింది. లీగల్, లాయల్ కూడా ఇలాంటి జంటే. మన దగ్గర 'రాజ'లో 'జ' ప్రాకృతంలో అరిగి 'రాయ' అయింది. రాయలు, రాయలసీమ అలా వచ్చినవే. లాటిన్ 'రేక్స్', సంస్కృత 'రాజన్' ఒకే మూలానివి కనుక రాయల్, రాయలు దూరపు దాయాదులు. ఒకదాన్నుంచి ఇంకొకటి పుట్టిందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

ఇక 'రాజసం' నిక్షేపంగా అనొచ్చు. తమాషా ఏమిటంటే, సంస్కృతంలో ఈ మాట రాజుకి కాదు, రజోగుణానికి సంబంధించింది. భగవద్గీత 17వ అధ్యాయం పులుపు, ఉప్పు, కారం మితిమీరిన తిండిని రాజసం అంది. ఆ లెక్కన మన ఆవకాయదే అసలు రాజసం! తెలుగువాళ్ల చెవికి అందులో రాజే వినబడ్డాడు కాబోలు, 'ఆయన కూర్చున్న తీరులోనే రాజసం ఉంది' అంటే ఎవరికీ రజోగుణం గుర్తురాదు. ఇప్పుడు దాన్ని తప్పనడం చాదస్తం.

అయితే 'రాజసం ఉట్టిపడే' అన్నది ప్రకటనల్లో నలిగిపోయింది. 'దర్జా'లో డబ్బు వాసన ఎక్కువ. నేనైతే 'కడితే రాచఠీవి' అని రాస్తాను. బాగుంది కదా అని 'రాచ'ని ప్రతిదానికీ తగిలించకండి, రాచపుండు కూడా ఉంది మనకి.