ఆ ఎయిర్ గన్ బోరు ఎంత? ముందు అది తేల్చుకోండి, కేసు సంగతి తర్వాత

ప్రశ్న: మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి బర్మా దాకా వెళ్లొచ్చారు. ఆయన గ్రేట్‌కోటు, జంగిల్ గ్రీన్ చొక్కా, కాన్వాసు సంచి, ఆయన తర్వాత ఎవరి దగ్గరో కొన్న పాత బీఎస్ఏ (ఇంగ్లండు కంపెనీ) ఎయిర్ గన్ నాకు వచ్చాయి. వాటితో మొదలైన ఇష్టం పదిహేనేళ్లుగా పెరిగి ఇంకో మూడు పాత ఎయిర్ గన్లు, మిలటరీ బట్టలు సేకరించేదాకా వచ్చింది. 2024 ఆగస్టులో హైదరాబాద్‌లో షార్ట్ ఫిల్మ్ తీస్తున్న చిన్ననాటి స్నేహితుడు మా ఇంటికొచ్చి అడిగితే తాతగారి వస్తువులన్నీ ఇచ్చాను. దసరాకి తిరిగిస్తానన్నాడు. 2025 జనవరిలో అడిగితే "జాగ్రత్తగా ఉన్నాయిరా, తెచ్చిస్తా" అని మెసేజ్ పెట్టాడు. ఆగస్టులో గట్టిగా అడిగేసరికి "నువ్వు గిఫ్టుగా ఇచ్చావు, కేసు పెట్టుకో, లైసెన్సు లేని గన్ నీదే కదా" అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇంట్లోంచి దొంగిలించాడని కేసు పెట్టొచ్చా? పదిహేనేళ్లుగా ఉన్న గన్ మీద ఇప్పుడు కేసు చెల్లుతుందా? మిగతా వాటి గొట్టంలో సన్న గొట్టం దూర్చి 0.177 చేస్తే లైసెన్సు గొడవ ఉండదని ఒక లేత్ షాపతను అంటున్నాడు, చేయించనా? తాతగారి కోటు వేసుకుని ఫోటో దిగితే తప్పా?

జవాబు: మీ ఉత్తరంలో స్నేహం గురించి రెండు పేజీలు రాశారు, కేసుని తేల్చే సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ బీఎస్ఏ బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలా, 0.22 అంగుళాలా? దీని మీదే మీరు పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే ఫిర్యాదుదారుగా ఉంటారో నిందితుడిగా ఉంటారో ఆధారపడి ఉంది. మీ స్నేహితుడికి ఆ సంగతి తెలిసే మిమ్మల్ని బెదిరిస్తున్నాడు.

ఎయిర్ గన్‌లో మందుగుండు ఉండదు కాబట్టి అది తుపాకీ కాదని చాలామంది అనుకుంటారు. 1959 ఆయుధాల చట్టం తుపాకీని నిర్వచించేటప్పుడు పేలుడు పదార్థంతో గానీ "వేరే శక్తితో గానీ" గుండు వదిలే ఆయుధం అంది, కాబట్టి స్ప్రింగు, గాలితో పనిచేసేది కూడా అందులోకి వస్తుంది. అయితే 2016 ఆయుధాల నియమాలు ఒక గీత గీశాయి. బోరు 0.177 (4.5 మిల్లీమీటర్లు) దాటకుండా, గుండు గొట్టం వదిలేటప్పుడు దాని శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఈ రెంటిలో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి. పాత స్ప్రింగు గన్లలో శక్తి అంత ఉండదు, అక్కడ మీరు తట్టుకుంటారు. చిక్కంతా బోరుతోనే. అప్పట్లో ఇంగ్లండులో తయారైన వాటిలో 0.22వి కూడా ఉన్నాయి, మన దగ్గర పాత బంగళాల్లో, రైల్వే క్వార్టర్లలో దొరికేవాటిలోనూ అది మామూలే.

గన్ అతని దగ్గర ఉంటే ఎలా కొలవాలి అంటారేమో. ఇన్నేళ్లు నూనె రాసి, తుడిచి, ఫోటోలు తీసినవారు ఒక్కసారి వెర్నియర్ కాలిపర్స్ పెట్టి కొలవకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం, ఈ మాట మీకు కోపం తెప్పించినా సరే చెప్పక తప్పదు. ఇప్పటికైనా దారి ఉంది. మీ దగ్గర పాత పెల్లెట్ల డబ్బా మిగిలి ఉంటుంది, దాని మీద 0.177 అనో 0.22 అనో, లేదా నంబర్ 1 బోర్, నంబర్ 2 బోర్ అనో ఉంటుంది. మొదటిది 4.5, రెండోది 5.5 మిల్లీమీటర్లు. యుద్ధానికి ముందు కాలపు బీఎస్ఏల్లో చాలావాటి మీద పెల్లెట్ పెట్టే చోటుకి దగ్గర్లో చిన్నగా 2 అని కొట్టి ఉంటుంది, మీ ఫోటోలు పెద్దవి చేసి చూడండి. లేత్ షాపతను సన్న గొట్టం దూర్చమన్నాడంటే మిగతా మూడింటిలో కనీసం ఒకటైనా 0.22 అయ్యుంటుందని నా అనుమానం. వాటిని కూడా కొలవండి, ఇవాళే.

కొలిచాక అన్నీ 0.177 అని తేలితే మీ స్నేహితుడి బెదిరింపుకి విలువ లేదు, నిబ్బరంగా ముందుకెళ్లొచ్చు. 0.22 అయితే మాత్రం ఆగండి. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకున్నందుకు ఆయుధాల చట్టం సెక్షన్ 25(1బి) కింద 2019 సవరణ తర్వాత రెండేళ్లకి తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. ఇక "పదిహేనేళ్లయింది, కాలం చెల్లింది" అన్న ధైర్యం. నేర కేసులకి కాలపరిమితి సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 514లో ఉంది, గరిష్ఠ శిక్ష మూడేళ్లకి మించని నేరాలకే అది వర్తిస్తుంది. సవరణకి ముందు ఈ నేరానికి గరిష్ఠం మూడేళ్లే, ఇప్పుడు అయిదేళ్లు కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది. పైగా ఆయుధం దగ్గర ఉన్నంతకాలం నేరం రోజూ కొనసాగుతున్నట్టే, ఎప్పుడో కొన్న రోజు నుంచి లెక్కపెట్టడం కుదరదు.

"గన్ ఇప్పుడు నా దగ్గర లేదు కదా" అన్నది మీ రెండో ధైర్యం. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీం కోర్టు ఈ వాదననే చూసింది. ఆయుధం వేరేవాడి చేతిలో ఉన్నా, దాని మీద మీకు తెలిసిన హక్కు, అదుపు ఉంటే అది మీ స్వాధీనంలో ఉన్నట్టేనంది. మీరు "అది నాది, తిరిగివ్వు" అని రాసే ప్రతి మెసేజ్ ఆ అదుపుకి సాక్ష్యం. అందుకని బోరు తేలేదాకా గన్ గురించి అతనికి ఒక్క అక్షరం కూడా రాయొద్దు, ఫోన్‌లో మాట్లాడొద్దు. స్ప్రింగు తీసేశాను, పనిచేయదు అని చెప్పుకున్నా లాభం లేదు. పాతకాలపు ఆయుధాలకి ఆయుధాల చట్టం సెక్షన్ 45లో మినహాయింపు ఉంది గానీ, రిపేరు చేసినా తుపాకీగా పనిచేయనిదై ఉండాలని అక్కడే రాసి ఉంది. స్ప్రింగు మారిస్తే పేలేది అందులోకి రాదు.

లేత్ షాపు ఆలోచన గురించి గట్టిగా చెబుతున్నాను, చేయించొద్దు. మీరు తప్పు సరిదిద్దుకుంటున్నాననుకుంటున్నారు, చట్టం దాన్ని వేరే కంటితో చూస్తుంది. 2019 సవరణ ఆయుధాల చట్టం సెక్షన్ 6లో కొత్త మాట చేర్చింది, నియమాల్లో చెప్పిన ఒక తరగతి తుపాకీని లైసెన్సు లేకుండా ఇంకో తరగతికి మార్చడం నేరమని. దానికి శిక్ష ఏడేళ్లకి తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. దగ్గర ఉంచుకున్న నేరం కంటే బాగా పెద్దది, లేత్ షాపతను కూడా మీతోపాటు ఇరుక్కుంటాడు. తెలిసిన ఇంకో కలెక్టర్‌కి గుట్టుగా అమ్మేసినా అంతే, అమ్మకం, బదిలీ కూడా ఆ ఏడేళ్ల లెక్కలోకే వస్తాయి. ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో మేనల్లుడి చేత సామానులో తెప్పించుకోవడం కూడా మీ ఆలోచనలో ఉంటే తీసేయండి, దిగుమతికి వేరే లైసెన్సు కావాలి.

అలాగే దొంగతనం కేసు. మీ చేత్తో మీరు ఇచ్చిన వస్తువుని ఇంట్లోంచి ఎత్తుకెళ్లాడని రాస్తే అది అబద్ధపు ఫిర్యాదు, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ సెక్షన్ 217 కింద ఏడాది దాకా జైలు మీకే. అతని దగ్గర మీరు పంపిన మెసేజ్‌లు ఉన్నాయి, ఇచ్చిన రోజు ఇద్దరూ కలిసి దిగిన ఫోటో కూడా ఉందని మీరే రాశారు. స్టేషన్‌లో పది నిమిషాల్లో బయటపడుతుంది. నిజం చెబితే సరిపోయే చోట అబద్ధం ఎందుకు? ఒకరు నమ్మి అప్పగించిన వస్తువుని సొంతం చేసుకోవడం నమ్మకద్రోహం, బీఎన్ఎస్ సెక్షన్ 316 కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం. జరిగింది జరిగినట్టు చెప్పినా కేసు నిలబడుతుంది. పోలీసులు వెంటనే ఎఫ్ఐఆర్ కట్టకుండా పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ పెట్టొచ్చు, టెన్షన్ పడకండి, కొత్త చట్టంలో దానికి వీలుంది.

ఇక బట్టలు. మీ బలమంతా ఇక్కడే ఉంది, మీరు దీన్ని చివర్లో రెండు లైన్లలో వదిలేశారు. మిలటరీ బట్టలు సేకరించేవాళ్లకి అసలు ఆనందం కోటు లోపలి గుడ్డ తిప్పి చూడటంలో ఉంటుంది. కుట్టినవాళ్ల పేరు, సైజు, సంవత్సరం ఉన్న లేబులు, బ్రిటిష్ సర్కారు సొత్తుకి కొట్టే బాణం గుర్తు, సైనికుడి నంబరు, ఆయన భార్య వేసిన మాట్లు, మార్చిన గుండీ. మీరు నోటుబుక్కులో ఒక్కో బట్టకి ఒక్కో పేజీ పెట్టి ఇవన్నీ రాసుకున్నానన్నారు చూడండి, అది మీ కేసులో నాకు కనిపించిన మొదటి మంచి వార్త. కోర్టులో "ఒక పాత కోటు" అని అడిగితే ఏ పాత కోటు అంటారు. లోపలి జేబు మీద తాతగారి నంబరు, ఎడమ మోచేతి దగ్గర నీలం దారంతో మాటు అని చెప్పగలిగితే అది ఫలానా కోటే అవుతుంది. మాధవరం లాంటి సైనికుల ఊళ్లలో ఇలాంటి ట్రంకు పెట్టెలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో, వాటిలో ఏముందో రాసుకున్నవాళ్లు ఎంత తక్కువో తలుచుకుంటే బాధేస్తుంది. మీరు ఆ పని చేశారు, ఆ నోటుబుక్కు జాగ్రత్త. ఇప్పుడు కొత్తగా ఏమీ కలపొద్దు, ఒక్క అక్షరం దిద్దొద్దు.

అంతకంటే పెద్ద సాక్ష్యం మీ స్నేహితుడే తయారుచేసి పెట్టాడు. అతని టీజర్‌లో ఆ కోటు కనిపిస్తోందన్నారు. దాన్ని డౌన్‌లోడ్ చేయండి, మాటు కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్లు తీయండి, తేదీ, లింకు రాసి పెట్టుకోండి, నోటీసు అందాక అతను తీసేయొచ్చు. జనవరి మెసేజ్ ఉన్న ఫోను మార్చొద్దు, అమ్మొద్దు, వాట్సాప్ తీసి మళ్లీ వేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేస్తేనే ఆ ప్రింటు కోర్టులో చెల్లుతుంది. ఆ మెసేజ్ ఎందుకంత ముఖ్యమంటే, చరాస్తిని గిఫ్టుగా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికిస్తే చాలు, కాబట్టి అతని గిఫ్టు కథ చట్టం ముందు అసాధ్యమేమీ కాదు. "తెచ్చిస్తా" అన్న అతని సొంత మాటే దాన్ని పడగొడుతుంది. ఇచ్చేటప్పుడు ఒక్క తెల్లకాగితం మీద జాబితా రాసి సంతకం పెట్టించుకుని ఉంటే ఈ తిప్పలేవీ లేవు. స్నేహితుడని అడగలేదన్నారు, స్నేహితుడు కాబట్టే అడగాల్సింది.

కోర్టులో డబ్బు అడగకండి, వస్తువే అడగండి. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 8 ప్రకారం డబ్బుతో భర్తీ కాని వస్తువుని అదే వస్తువుగా తిరిగి ఇప్పించమని అడగొచ్చు, తాతగారి యుద్ధకాలపు కోటుకి బజారు ధర కట్టేదెవరు? పోయిందని అతను చెప్పినా తప్పించుకోలేడు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 161 ప్రకారం ఒప్పుకున్న గడువులో తిరిగివ్వనివాడిదే ఆ తర్వాత జరిగే నష్టానికి బాధ్యత. కేసు తేలేలోపు అమ్మేయకుండా ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్) కూడా అదే దావాలో కోరండి. వస్తువులు చేతులు మారింది మీ ఇంట్లోనే కాబట్టి దావా రాజమండ్రిలోనే వేయొచ్చు.

కాలపరిమితి మూడేళ్లు. అయితే ఎప్పట్నించి? అతను ఇవ్వనన్న 2025 ఆగస్టు నుంచి అని మనం వాదిస్తాం. దసరా గడువు దాటిన 2024 అక్టోబరు నుంచే అని అవతలి లాయరు వాదిస్తాడు. జనవరి మెసేజ్‌ని రాతపూర్వక ఒప్పుకోలుగా చూపి కొత్త మూడేళ్లు అడగొచ్చు గానీ, వాట్సాప్ మాట సంతకంతో సమానమా అనే చర్చ మీద మీ కేసు ఆనించొద్దు. అందరికంటే ముందొచ్చే తేదీనే గడువనుకోండి, 2027 అక్టోబరు మొదలవకముందే దావా నంబరు పడాలి. పెద్దమనుషులు, మధ్యవర్తులు అంటూ ఏడాది గడిపేయడం మన దగ్గర మామూలు, ఆ చర్చలు గడువుని ఆపవు.

ఇంకో చిక్కుంది. భయపడి గన్ వదిలేసి బట్టలకే దావా వేస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 2 రూల్ 2 కింద గన్ కోసం మళ్లీ దావా వేయడానికి దారి మూసుకుపోతుంది. అందుకే దావా కంటే ముందు బోరు తేలాలంటున్నాను. 0.177 అయితే అన్నీ ఒకే దావాలో అడగండి. 0.22 అయితే నా సలహా ఆ గన్ మీద ఆశ వదులుకుని బట్టల కోసం పోరాడమనే, మీ మనసు ఒప్పుకోకపోయినా. ఇంట్లో ఉన్న 0.22ల విషయంలో, ఆయుధాల చట్టం సెక్షన్ 21 కింద దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసే వీలుంది. మీ అంతట మీరు పట్టుకెళ్లకండి, ముందు మీ ఊళ్లో క్రిమినల్ కేసులు చూసే లాయరుతో కూర్చుని, ఆయన రాసిన ఉత్తరంతో, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. డిపాజిట్ చేసినంత మాత్రాన పాత తప్పు మాఫీ కాదు గానీ, లైసెన్సు లేకుండా ఉంచుకున్న కేసు నడపాలంటే అదే చట్టం సెక్షన్ 39 కింద జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి, తనంతట తాను వచ్చి అప్పగించిన మనిషి అని ఆ ఫైలులో ఉండటం చాలా పనికొస్తుంది. తర్వాత లైసెన్సుకి దరఖాస్తు చేయొచ్చు, అయితే 2019 తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, కలెక్షన్ అన్నా ఆ లెక్క మారదు.

కోటు వేసుకుని ఫోటో దిగడం తప్పు కాదు. బీఎన్ఎస్ సెక్షన్ 168 శిక్షించేది సైనికుణ్ణని నమ్మించే ఉద్దేశంతో వేసుకోవడాన్ని, దానికి మూడు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. 1940ల కోటుని చూసి మిమ్మల్ని ఎవరూ ఇప్పటి జవాననుకోరు. మీ కలెక్షన్‌లో బజార్లో కొన్న కొత్త డిజిటల్ కామోఫ్లాజ్ జాకెట్ కూడా ఉందన్నారు, దాని సంగతి వేరు. 2022 జనవరిలో సైన్యం బయటపెట్టిన ఆ డిజైన్ సైన్యం పేరనే రిజిస్టరై ఉంది. 2016లో పఠాన్‌కోట్ దాడి చేసినవాళ్లు సైనిక దుస్తుల్లో వచ్చాక, పౌరులు ఇలాంటివి వేసుకోవద్దని సైన్యమే కోరింది. కంటోన్మెంటు వైపు అది వేసుకుని తిరిగితే మీ ఉద్దేశం మంచిదని గేటు దగ్గర నిరూపించుకోవాల్సిన గతి పడుతుంది. దాన్ని బయటికి వేసుకెళ్లకండి.

ఈ వారంలో చేయాల్సింది ఇది. డబ్బా, ఫోటోలు చూసి బీఎస్ఏ బోరు తేల్చండి, మిగతా మూడు కొలవండి, టీజర్ దించండి, ఆ తర్వాత లాయరు ద్వారా బట్టల జాబితాతో, గుర్తులన్నీ రాసి, పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, డెలివరీ రుజువు తీసి దాచండి. గన్ ప్రస్తావన ఆ నోటీసులో ఉండాలా వద్దా అన్నది మీరు కొలిచిన అంకె చూశాక లాయరు చెబుతారు.