చెవిన పడ్డ లెఫ్టినెంట్, కంటపడ్డ కల్నల్

సందేహం: మా కాలేజీ ఎన్‌సీసీ సారుకు లెఫ్టినెంట్ హోదా వచ్చిందని సన్మానం చేశాం. ఫ్లెక్సీలో చోటు చాలక ‘లెఫ్’ పైవరుసలో, ‘టినెంట్’ కిందివరుసలో పడింది. అలా విరవచ్చా? ల్యూటెనెంట్ అనాలని ఒకరు, కల్నల్‌ను కర్నల్ అనాలని ఇంకొకరు వాదిస్తున్నారు. ఏది ఒప్పు?
– ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు

సమాధానం: ఫ్లెక్సీ వేసినాయన చెవి మంచిదే. పలికేటప్పుడు మాట అక్కడే విరుగుతుంది: లెఫ్, టి, నెంట్. రాతలో మాత్రం ‘ఫ్టి’ ఒకే అక్షరం. ఫి కింద ట వత్తు పెట్టాక దాన్ని చీల్చకూడదు. విరవక తప్పకపోతే ‘లెఫ్టి’ దగ్గర విరవండి. ఛందస్సు లెక్కలో సంయుక్తాక్షరం ముందున్న ‘లె’ గురువు, ‘ఫ్టి’ లఘువు, ‘నెంట్’ గురువు. అంటే ర గణం, ఇంద్రగణాల్లో ఒకటి. సారు మీద సీసపద్యం ఎత్తుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది!

ఇంగ్లిష్ స్పెల్లింగులో విరుపు వేరు. ఇది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ‘ల్యూ’ అంటే చోటు, ‘టెనెంట్’ అంటే పట్టుకున్నవాడు. పైవాడి బదులు నిలబడి పని చూసేవాడన్నమాట. అందులో ఫకారం లేదు. అమెరికావాళ్లు ‘లూటెనెంట్’ అంటారు. బ్రిటిషువాళ్లు లేని ఫకారం తెచ్చి ‘లెఫ్‌టెనెంట్’ అంటారు, ఊనిక ‘టె’ మీద. మనకు పటాలాలు నడిపింది బ్రిటిషువాళ్లు కాబట్టి, వాళ్ల నోట విన్నదే మనకు దిగింది. లెఫ్టినెంటే ఒప్పు.

కల్నల్ కథ తిరగబడింది. ఇటాలియన్‌లో ‘కొలొనెల్లో’. ఫ్రెంచివాళ్ల నోట ఒక లకారం రకారంగా మారి ‘కొరొనెల్’ అయింది. ఇంగ్లిషువాళ్లు రాత ఇటాలియన్ దారిలో ఉంచుకుని, పలుకు ఫ్రెంచి దారిలో పెట్టుకున్నారు. అందుకే వాళ్ల ఉచ్చారణ ‘కర్నల్’కు దగ్గర. హిందీవాళ్లు విని ‘కర్నల్’ అని రాసుకున్నారు. మనవాళ్లు స్పెల్లింగు చూసి ‘కల్నల్’ అన్నారు. మన కడప కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించిన మెకంజీని కూడా కల్నల్ మెకంజీ అనే చదువుకున్నాం కదా, ఇప్పుడు కర్నల్ అంటే ఎవరో కొత్తాయన అనిపిస్తాడు. ఇంగ్లిష్‌లో మాట్లాడితే కర్నల్ అనండి, తెలుగులో కల్నల్ తప్పేమీ కాదు. ఎంతైనా ఇటలీవాడి లకారం పోకుండా కాపాడింది మనమే!

ఇక ఫ్లెక్సీ సంగతి. ఈసారి చోటు చాలకపోతే మాటను విరవకండి, పైన నాయకుల ఫొటోలు రెండు తగ్గించండి.